పుస్తకానికీ మొలక పరీక్ష ఉండాలి

(బి.యస్సీ., బి.జడ్.సి., తృతీయ సంవత్సరం)

సావనీరుకు ఏదైనా రాయమని మా సంఘం కార్యదర్శి నెలరోజులుగా వెంటపడుతున్నాడు. తులనాత్మక సాహిత్యంలో పరిశోధన చేసేవాళ్ళు పుస్తకాలు ఎలా ఎంచుకోవాలో రాస్తానన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "నువ్వు బి.జడ్.సి. వాడివి కదా, నీకెందుకోయ్ ఆ గొడవ? కప్ప గురించో కాలుష్యం గురించో రాయరాదూ?" అన్నాడు. ఆయన అడిగినదాంట్లో తప్పులేదు. ఈ సంచిక తిరగేసే ఉపన్యాసకులకూ, పాత విద్యార్థులకూ అదే అనుమానం రావచ్చు. కనుక నాకీ గొడవ ఎలా పట్టుకుందో ముందు చెప్పి, తరవాత నా అభిప్రాయం మనవి చేస్తాను.

మాది కరీంనగర్ జిల్లా గంగాధర దగ్గర ఒక పల్లె. వ్యవసాయమే ఆధారం. మాకు దగ్గర్లో కురిక్యాల ఊరి పక్కన బొమ్మలమ్మ గుట్ట ఉంది. బండమీద జైన తీర్థంకరుల బొమ్మలూ, చక్రేశ్వరి బొమ్మా చెక్కి ఉంటాయి. వాటి దగ్గరే అక్షరాలు. బడి లేనినాడు ఆ పక్కల బర్లు కాసినవాణ్ణి నేను. ఆ రాతలు ఎవరో దాచిన ధనానికి గుర్తులని మా పిల్లమూకకు గట్టి నమ్మకం. ఒకనాడు మా పెద్దమ్మ బిడ్డ, విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న అక్క, ఆ గుట్ట చూడ్డానికి వచ్చింది. దారి చూపించమని నన్ను వెంటబెట్టుకుపోయింది. బండముందు నిలబడి ఆమె చెప్పిన మాటలు విని నేను విస్తుపోయాను.

ఆ శాసనం పదో శతాబ్దం నాటిది. వేయించినవాడు జినవల్లభుడు. కన్నడంలో ఆదికవి అని పేరుబడ్డ పంపడికి స్వయానా తమ్ముడు. ఒకే బండమీద సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ ఉన్నాయి. తెలుగులో ఉన్నవి కంద పద్యాలు! పంపడు 941లో కన్నడ భారతం, అంటే విక్రమార్జున విజయం, రాసింది మైసూరు రాజుల కోసం కాదు. వేములవాడ చాళుక్యరాజు రెండో అరికేసరి కోసం. ఆ వేములవాడకు మేము ఏటా జాతరకు పోతాం. రాజన్నకు మొక్కు చెల్లించి కోడెను కట్టేసి వస్తాం. కన్నడ ఆదికవిని పోషించిన రాజ్యం అదేనని మాకెవరూ చెప్పలేదు.

ఆ తరవాత ఇంచుమించు నూరేళ్ళకు రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రుడి కోసం నన్నయ తెలుగు భారతం మొదలుపెట్టాడు. ఇద్దరూ చంపువే రాశారు. ఇద్దరిదీ వ్యాసుడి కథే. అయినా పంపడు అర్జునుణ్ణి కథానాయకుణ్ణి చేసి, తన రాజుకూ అర్జునుడికీ అభేదం కల్పించి, ద్రౌపదిని అర్జునుడొక్కడికే భార్యను చేశాడు. నన్నయ అట్లా చేయలేదు. ఒకడు ఎందుకు మార్చాడు, మరొకడు ఎందుకు మార్చలేదు? మా అక్క పరిశోధన ఇదే. తులనాత్మక సాహిత్యం అంటే ఏమిటో నాకు ఆ గుట్టమీద తెలిసింది. రెండు భాషల కావ్యాలు పక్కపక్కన పెట్టి, ఎక్కడ కలిశాయి, ఎక్కడ విడిపోయాయి, ఎందుకు అని అడగడం.

ఇక అసలు సంగతి. రెండో ఏడు చివర మా అక్క ఒక అధ్యాయం రాసింది. "నన్నయ కథాక్రమంలో చేసిన మార్పులు" అని దాని పేరు. ముప్ఫై పేజీలు, నాలుగు నెలల పని. అందులో ముఖ్యమైన వాదం ఇది. సంస్కృత భారతం ఆదిపర్వంలో శకుంతల కథ ముందు, యయాతి కథ తరవాత ఉన్నాయి. నన్నయ యయాతి కథను మూడో ఆశ్వాసంలో చెప్పి, శకుంతల కథను నాలుగో ఆశ్వాసంలో చెప్పాడు. యయాతి పూర్వీకుడు, దుష్యంతుడు ఆ వంశంలో తరవాతివాడు. కనుక నన్నయ వంశక్రమాన్ని సరిచేశాడు, ఇది ఆయన కథన శిల్పానికి నిదర్శనం అని అక్క రాసింది. వినడానికి ఎంత బాగుంది! నాకైతే చప్పట్లు కొట్టాలనిపించింది.

ఆ అధ్యాయాన్ని మరో ఊళ్ళో ఉన్న ఒక పెద్దాయనకు చూపించింది. పదవీ విరమణ చేసిన సంస్కృత అధ్యాపకుడు. ఆయన మొదటి నాలుగు పేజీలు చదివి కళ్ళద్దాలు తీసి, "అమ్మా, ఈ మార్పు నన్నయ చేసింది కాదు. దాక్షిణాత్య ప్రతుల్లో యయాతి కథే ముందుంటుంది. ఆయన చేతిలోని సంస్కృత భారతమే అట్లా ఉంది" అన్నారట. అంతే. ముప్ఫై పేజీలూ గాలికి పోయాయి.

తప్పు ఎక్కడ జరిగింది? మా అక్క కష్టపడలేదా? పడింది. చెడ్డ పుస్తకం చదివిందా? అదీ కాదు. ఆమె ఆధారపడ్డది పుణెలోని భండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థ వారి సంశోధిత ముద్రణ. 1919లో మొదలుపెట్టి, వెయ్యికి పైగా రాతప్రతులు సేకరించి, దేశంలోని నానా లిపుల పాఠాలు పోల్చి, 1966 నాటికి పూర్తిచేసిన మహాకార్యం. భారతీయ విద్వత్తుకు అంతకన్నా గొప్ప సాక్ష్యం లేదంటారు. కానీ అది నన్నయ చూసిన భారతం కాదు. అన్ని ప్రతులూ పోల్చి, వాటికి మూలంగా ఉండివుండవచ్చునని పండితులు నిర్ణయించిన పాఠం. దక్షిణ దేశపు ప్రతుల్లో ఎక్కడ ఏ తేడా ఉందో ఆ ముద్రణలోనే పుటల అడుగున ఇచ్చారు. మా అక్కకు గ్రంథాలయంలో దొరికింది మాత్రం ఆ అడుగు పాఠాలు లేని, మూలం మాత్రమే అచ్చువేసిన సంపుటాలు. ఆమెకు కావలసింది ఆ అడుగు పాఠాలు. లేదా మద్రాసులో 1930 దశకంలో వావిళ్ళ వారు అచ్చువేసిన, పి.పి.యస్. శాస్త్రి పరిష్కరించిన దాక్షిణాత్య పాఠం. అవి రెండూ అక్కడ లేవు. ఉన్నదానితో పని కానిచ్చింది.

సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఈ సంగతి మా బాపుతో చెప్పాను. ఆయన ఏడో తరగతితో బడి మానినవాడు. చుట్ట ఆర్పి, "బిడ్డా, ఇత్తునం కొనేటప్పుడు సంచి మీద బొమ్మ సూసి కొంటమా? మంచి ఇత్తునమైతే సాలదు. మన భూమికి అక్కెరకొచ్చేదేనా అని సూడాలె" అన్నాడు. ఆ మాట ఆయన ఊరికే అనలేదు. ఒక ఏడు రంగురంగుల బొమ్మ ఉన్న సంచి చూసి, దుకాణదారు మాట నమ్మి, బిల్లు లేకుండా విత్తనాలు తెచ్చాడు. సగం మొలవలేదు. మళ్ళీ విత్తేసరికి అదను పోయింది. అప్పట్నుంచి మా ఇంట్లో వడ్లు చల్లేముందు వంద గింజలు లెక్కబెట్టి తడి గోనెసంచిలో చుట్టి పెడతారు. ఎనభైకి తగ్గకుండా మొలిస్తేనే మడిలో పడతాయి.

ఇంకో సంగతి కూడా మా బాపు దగ్గరే నేర్చుకున్నాను. విత్తనం సంచికి చీటీ ఉంటుంది. ప్రజనన విత్తనానికి బంగారు పసుపు చీటీ, మూల విత్తనానికి తెల్ల చీటీ, ధ్రువీకరించిన విత్తనానికి నీలి చీటీ. ఏది ఏ తరం గింజో చీటీ చూస్తే తెలుస్తుంది. పుస్తకాలకూ అట్లాంటి తరాలున్నాయి. తాళపత్రం ఒక తరం. తాళపత్రాలు పోల్చి పండితులు పరిష్కరించిన ముద్రణ ఒక తరం. దాన్నిబట్టి వేసిన పాఠ్యపుస్తకం ఒక తరం. దానికి అనువాదం, ఆ అనువాదానికి సంగ్రహం, ఆ సంగ్రహం మీద విమర్శ. ఎంత కిందికి వస్తే అంత కల్తీకి అవకాశం. చిక్కేమిటంటే పుస్తకానికి ఎవరూ రంగు చీటీ కట్టరు. మనమే చూసుకోవాలి.

నా అభిప్రాయం ఇది: పుస్తకం పేరునుబట్టీ, వెలనుబట్టీ, వేసిన సంస్థనుబట్టీ కాకుండా, మనం అడిగే ప్రశ్ననుబట్టి ఎంచుకోవాలి. తులనాత్మక సాహిత్యానికి ఈ మాట మరీ వర్తిస్తుంది. ఎందుకంటే ఒక భాషలో పనిచేసేవాడు తప్పు ప్రతి పట్టుకుంటే ఒక తప్పు చేస్తాడు. రెండు భాషల్లో పనిచేసేవాడు రెండు తప్పు ప్రతులు పట్టుకుని వాటిని పోలిస్తే, వచ్చే తేడా కవులది కానే కాదు, అచ్చువేసినవాళ్ళది. దానికి సిద్ధాంతాలు కట్టి పట్టాలు పుచ్చుకుంటాం.

మరి మొలక పరీక్ష ఎలా చెయ్యాలి? మా అక్కనూ, నాకు ఓపిగ్గా చెప్పిన ఇద్దరు ముగ్గురు ఉపన్యాసకులనూ అడిగి తెలుసుకున్నవి చెబుతాను.

మొదటిది, ఏ ముద్రణో చూడాలి. కన్యాశుల్కమే తీసుకోండి. 1892లో ఆడారు, 1897లో అచ్చయింది. గురజాడ దాన్ని బాగా పెంచి, మార్చి 1909లో మళ్ళీ వేశారు. మనం చదివేది ఈ రెండోది. ఎవరైనా 1890ల నాటి బెంగాలీ నాటకంతోనో మరాఠీ నాటకంతోనో కన్యాశుల్కాన్ని పోలుస్తూ, 1909 ప్రతిలోని సంభాషణలు ఉదాహరిస్తే ఆ వాదం నిలుస్తుందా? ముద్దుపళని రాధికా సాంత్వనం సంగతీ అంతే. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ పరిష్కరించి వేయించిన ప్రతికీ, అంతకు ముందటి అచ్చుకూ చాలా తేడా ఉంది. ముందటిదాంట్లో కొన్ని పద్యాలు వదిలేశారు. ఆ ప్రతి చూసి "ఈ కవయిత్రి ఫలానా విషయం చెప్పలేదు" అని రాస్తే పాపం ఎవరిది?

రెండవది, పీఠిక చదవాలి. ఏ రాతప్రతులు చూశారు, ఎన్ని చూశారు, తేడాలు వస్తే ఏది తీసుకున్నారు, ఎందుకు తీసుకున్నారు అనేవి పరిష్కర్త చెప్పాలి. చెప్పకపోతే అది చదువుకోవడానికి పనికొస్తుంది గాని పరిశోధనకు ఆధారం కాదు. తెలుగు భారతానికి ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి సంశోధిత ముద్రణ ఉంది. తిరుమల తిరుపతి దేవస్థానం వారు టీకా తాత్పర్యాలతో వేసిన సంపుటాలూ ఉన్నాయి. అర్థం తెలుసుకోవాలంటే రెండోది సులువు. ఒక పదం నన్నయదా, లేఖకుడిదా అని తేల్చాలంటే మొదటిది కావాలి. రెండూ మంచివే, పనులు వేరు.

మూడవది, అనువాదమైతే మూలం పక్కన ఉందా, లేదా? 2015లో మొదలైన మూర్తి క్లాసికల్ లైబ్రరీ వారు పెద్దన మనుచరిత్రను ఎడమ పుటలో తెలుగు లిపిలోనూ, కుడి పుటలో ఇంగ్లీషులోనూ వేశారు. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ అనువాదం. తెలుగు రానివాడికి అది కిటికీ, వచ్చినవాడికి అది తూకం. అనువాదకుడు ఎక్కడ ఏమి వదిలాడో, ఏమి కలిపాడో మనమే పట్టుకోవచ్చు. మూలం లేని అనువాదం ఒక్కదాన్ని నమ్ముకుని శైలి గురించి అధ్యాయాలు రాసేవాళ్ళను చూస్తే, ఫొటో చూసి పాల వెన్నశాతం చెప్పినట్టుంటుంది.

నాల్గవది, చివరి పుటలు చూడాలి. పదసూచిక ఉందా? ఆధార గ్రంథాల పట్టికలో ఆ రెండో భాషలోని పుస్తకాలున్నాయా? కన్నడ సాహిత్యం మీద రాసిన పుస్తకంలో ఒక్క కన్నడ పుస్తకం పేరూ లేకపోతే దాన్ని పక్కన పెట్టవచ్చు.

ఐదవది, పుస్తకం వెనకాల ఐ.ఎస్.బి.ఎన్. నంబరు ఉంది కదా అని మోసపోకూడదు. అది పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య మాత్రమే. బర్రె చెవికి వేసిన నంబరు బిళ్ళలాంటిది. ఆ బర్రె పాలిస్తుందో లేదో అది చెప్పదు. డబ్బిస్తే ఏ సిద్ధాంత వ్యాసాన్నైనా గట్టి అట్టతో, బంగారు అక్షరాలతో అచ్చువేసి ఇచ్చేవాళ్ళు ఈ రోజుల్లో ఎంతమందో! అట్లాంటివి బీరువాల్లో చేరుతున్నాయి.

ఇప్పుడు నా సైన్సుకు వస్తాను. మాకు జంతుశాస్త్రంలో నిర్మాణసామ్య అవయవాలు, క్రియాసామ్య అవయవాలు అని చెబుతారు. గబ్బిలం రెక్కా, మనిషి చెయ్యీ చూడ్డానికి వేరు. ఎముకలు పరిశీలిస్తే ఒకే మూలం. గబ్బిలం రెక్కా, సీతాకోకచిలుక రెక్కా చూడ్డానికి ఒకటే. మూలాలు వేరు. కావ్యాల్లోనూ అంతే. రెండు కావ్యాల్లో ఒకే ఉపమానం కనిపిస్తే, ఇద్దరికీ ఒకే తాత ఉన్నాడా, ఒకడు ఇంకొకడి దగ్గర తీసుకున్నాడా, లేక ఇద్దరికీ విడివిడిగా తట్టిందా? ఎముకలు చూడకుండా రెక్క చూసి చెప్పలేం. సాహిత్యంలో ఎముకలంటే మూల గ్రంథాలు, నిఘంటువులు, వ్యాకరణాలు, శాసనాలు. 1961లో బరో, ఎమెనో కలిసి వేసిన ద్రావిడ పదవ్యుత్పత్తి నిఘంటువు (రెండో కూర్పు 1984) తెరిచి ఒక మాట కోసం వెతికితే తమిళం, కన్నడం, తెలుగు, గోండి వరసగా నిలబడి ఉంటాయి. నాకైతే అది తులనాత్మక శరీరనిర్మాణ శాస్త్ర పుస్తకంలాగే కనిపించింది. ఇంకో చిత్రం చెప్పనా? ఇంగ్లీషులో "తులనాత్మక సాహిత్యం" అనే పేరుతో 1886లో పోస్నెట్ అనే ఆచార్యుడు రాసిన పుస్తకం అచ్చయింది సాహిత్య గ్రంథమాలలో కాదు, అంతర్జాతీయ విజ్ఞానశాస్త్ర గ్రంథమాలలో! కనుక కార్యదర్శిగారూ, బి.జడ్.సి. వాడు ఈ గుమ్మంలో కాలు పెట్టడం కొత్తేమీ కాదు.

సరే, ఇక మా గ్రంథాలయం సంగతి. ఎవరినీ నిందించడానికి రాయడంలేదు. తులనాత్మక సాహిత్యం అని రాసిపెట్టిన బీరువా ముందు నిలబడి ఒకనాడు లెక్కపెట్టాను. ఉన్నవాటిలో అధికభాగం ఇంగ్లీషు సిద్ధాంత గ్రంథాలు, వాటికి పరిచయాలు, ఆ పరిచయాలకు మార్గదర్శికలు. ఒకే పుస్తకం నాలుగు ప్రతులు. పంప భారతం లేదు. కిట్టెల్ 1894లో వేసిన కన్నడ నిఘంటువు లేదు. తమిళ, మరాఠీ, ఒడియా మూలగ్రంథాలు వెతికినా కనిపించలేదు. ఉర్దూ మనింటి భాష, అదీ లేదు. ఎందుకిలా జరిగిందని అడిగితే తెలిసింది ఇది. నిధులు వచ్చేది ఆలస్యంగా. మార్చి నెలాఖరులోగా ఖర్చుచేసి బిల్లు పెట్టాలి. సరఫరాదారు పట్టిక తెస్తాడు, రాయితీ ఇస్తాడు, వారంలో పెట్టెలు దించుతాడు. కన్నడ పుస్తకాలు అతని దగ్గర ఉండవు. బెంగుళూరుకు ఉత్తరం రాసి, ధర కనుక్కుని, తెప్పించేలోగా మార్చి దాటిపోతుంది. కనుక ఉన్న పట్టికలోంచే టిక్కులు పెడతారు. ఎవరిదీ దురుద్దేశం కాదు. కానీ ఫలితం ఏమిటి? మన పరిశోధకులు ఏ ప్రశ్న అడగాలో సరఫరాదారు పట్టిక నిర్ణయిస్తోంది.

సిద్ధాంత గ్రంథాలు వద్దంటున్నానని అపార్థం చేసుకోవద్దు. అవి కావాలి. ప్రభావాల లెక్కలు వేసుకుంటూ కూర్చోవడమే తులనాత్మక అధ్యయనమా అని 1958లోనే రెనె వెలెక్ గట్టిగా ప్రశ్నించాడు. ఆ ప్రశ్న తెలియకపోతే పంపడిలోంచి నన్నయ ఎన్ని మాటలు తీసుకున్నాడో లెక్కపెట్టి అదే పరిశోధన అనుకుంటాం. అయితే అదే సిద్ధాంత గ్రంథాలు ఇంకో మాట కూడా చెబుతున్నాయి. 2003లో గాయత్రీ స్పివాక్ ఈ శాస్త్రం చచ్చిపోయిందంటూ పుస్తకం రాసి, అది బతకాలంటే మన బోటి దేశాల భాషలను శ్రద్ధగా నేర్చి చదవాలని వాదించారు. అంతకు చాలాముందు, 1907లో, కలకత్తాలో తులనాత్మక సాహిత్యం మీద మాట్లాడమంటే రవీంద్రుడు దానికి విశ్వసాహిత్యమని పేరుపెట్టి మాట్లాడాడు. ఆ ఊళ్ళోనే 1956లో జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంలో బుద్ధదేవ్ బసు ఈ శాఖను స్థాపించాడు. భాషలు నేర్చుకోండని చెప్పే పుస్తకాలు నాలుగేసి ప్రతులు కొని, ఆ భాషల పుస్తకం ఒక్కటీ కొనకపోవడం ఏమిటి? మందుచీటీ చదివితే రోగం కుదురుతుందా?

ఇంకొక వాదం వినిపిస్తుంది. "ఇప్పుడు అన్నీ ఇంటర్నెట్‌లో దొరుకుతున్నాయి కదా, కొనడమెందుకు?" అని. కొంతవరకు నిజం. కిట్టెల్ నిఘంటువు, బ్రౌన్ 1852 నిఘంటువు వంటి పాత పుస్తకాలు ఫోనులోనే చూసుకోవచ్చు. శోధగంగలో ఇతరుల సిద్ధాంత వ్యాసాలు చదవవచ్చు. 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకం వల్ల ప్రభుత్వ విద్యాసంస్థలకు విదేశీ పరిశోధక పత్రికలు వేల సంఖ్యలో అందుబాటులోకి వచ్చాయి. సంతోషమే. కానీ అవి పత్రికలు, పుస్తకాలు కావు. పైగా ఉచితంగా దొరికే ప్రతి ఏ ముద్రణో తెలియదు. మొదటి పుటలు చిరిగిపోయినవి, మధ్య పుటలు లేనివి ఎన్నో. ఏది దొరికితే అది వాడటమే కదా మా అక్క చేసిన పొరపాటు! దొరకడం వేరు, ఎంచుకోవడం వేరు.

కనుక మన సంఘం తరఫున యాజమాన్యానికి కొన్ని విన్నపాలు చేయాలని నా కోరిక.

ఒకటి: గ్రంథాలయంలో "కావలసిన పుస్తకాలు" అనే రిజిస్టరు ఏడాది పొడుగునా తెరిచి ఉంచాలి. పుస్తకం పేరుతో బాటు ఏ ముద్రణ కావాలో, ఏ ప్రశ్న కోసం కావాలో ఒక వాక్యం రాయాలి. మార్చి వచ్చేసరికి జాబితా సిద్ధంగా ఉంటే సరఫరాదారు పట్టికతో పనిలేదు.

రెండు: పుస్తకాల ఎంపిక సంఘంలో ఒక పరిశోధక విద్యార్థికీ, ఒక డిగ్రీ విద్యార్థికీ చోటివ్వాలి.

మూడు: తులనాత్మక సాహిత్యానికి కేటాయించిన సొమ్ములో కనీసం సగం మూలగ్రంథాలకూ, సంశోధిత ముద్రణలకూ, నిఘంటువులకూ ఖర్చుపెట్టాలి. ఒకే పుస్తకం నాలుగో ప్రతి కొనేముందు పొరుగుభాష పుస్తకం మొదటి ప్రతి కొనాలి.

నాలుగు: కొనలేని పాత ముద్రణల కోసం పాత గ్రంథాలయాలతో ఏర్పాటు చేసుకోవాలి. హైదరాబాదులో 1901 నాటి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, వేటపాలెంలో 1918 నాటి సారస్వత నికేతనం మన పెద్దలు చందాలెత్తి నిలబెట్టినవే. మన విద్యార్థులు ఏడాదికొకసారి అక్కడికి పోయి నాలుగురోజులు కూర్చుని చదువుకునేటట్టు దారిఖర్చులు ఇప్పించాలి. విహారయాత్రలకు ఇస్తున్నారు కదా!

ఐదు: సాయంత్రాలు కన్నడం, తమిళం, ఉర్దూ లిపి నేర్పే తరగతులు పెట్టాలి. కన్నడ లిపి తెలుగువాడికి ఎంత దగ్గరో చెప్పాలా? హాస్టలు గదిలో పక్కమీద పడుకుని వారం రోజుల్లో అక్షరాలు గుర్తుపట్టాను. అర్థం చేసుకోవడం వేరే కష్టం, అది ఒప్పుకుంటాను.

మళ్ళీ ఎవరైనా "నీకెందుకు?" అంటే ఒక్క మాట. యస్.ఆర్. రంగనాథన్ మద్రాసులో లెక్కల ఉపన్యాసకుడు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి అధికారిగా వెళ్ళి, 1931లో గ్రంథాలయ శాస్త్రానికి ఐదు సూత్రాలు రాశాడు. పుస్తకాలు బీరువాలో భద్రంగా ఉండటానికి కాదనీ, చదువరినీ అతనికి తగిన పుస్తకాన్నీ కలపడమే గ్రంథాలయం పననీ ప్రపంచానికి నేర్పినవాడు ఒక లెక్కల మాస్టారు. పుస్తకం ఎంపిక తెలుగు శాఖ గొడవో, ఇంగ్లీషు శాఖ గొడవో కాదు. తప్పు విత్తనం వేసిన మడిలో నష్టం ఒక రైతుది. తప్పు పుస్తకం కొన్న గ్రంథాలయంలో నష్టం తరాలది.

మా అక్క ఆ ముప్ఫై పేజీలు చించేయలేదు. "నన్నయ చేతిలోని సంస్కృత ప్రతి ఏది?" అని కొత్త అధ్యాయం మొదలుపెట్టింది. దాక్షిణాత్య పాఠం కోసం మూడు ఊళ్ళు తిరిగి, ఆదిపర్వం ఫొటోలు తీసుకుని వచ్చింది. ఈ అధ్యాయం ముందటిదానికన్నా బాగుందని ఆ పెద్దాయనే అన్నారట. అయితే ఫెలోషిప్పు గడువు ఆమె కోసం ఆగదు. పోయిన నాలుగు నెలలు ఎవరూ తిరిగి ఇవ్వలేరు. మన కళాశాలలో చదివి రేపు పరిశోధనకు పోయే ఏ ఒక్కరికీ ఆ నాలుగు నెలలు పోకూడదనే ఈ నాలుగు మాటలు రాశాను.

రిజిస్టరు ఇంకా పెట్టలేదు. పెట్టేదాకా ఆగకుండా ఒక తెల్లకాగితం మీద రాసి గ్రంథాలయాధికారిగారికి ఇచ్చాను. మొదటి పేరు, పంప భారతం, పీఠికా పాఠాంతరాలూ ఉన్న కన్నడ ముద్రణ. రెండో పేరు, ఆదిపర్వం దాక్షిణాత్య పాఠం. ఏ ప్రశ్న కోసం అన్నచోట "మా ఊరి గుట్టమీద మూడు భాషలు ఎందుకున్నాయో తెలుసుకోవడానికి" అని రాశాను. ఆయన నవ్వి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. మీరు కూడా తలా ఒక కాగితం ఇస్తే, ఆ జేబు సరిపోక రిజిస్టరు పెడతారని నా ఆశ.